ఆగడం, ఆపడం

పెరంబూరులో రైల్వే వంతెన దిగాక
మందుల షాపు మీద, మూడో అంతస్తు.
ఆరు కుర్చీలు, ఆరు డయాలిసిస్ మిషన్లు,
రాత్రి షిఫ్టుకి నేనొక్కదాన్ని.

ఇళవరసన్ మిషన్లు బాగుచేసే కుర్రాడు.
పైథాన్ నేర్చుకో అక్కా, అన్నాడు,
ఆరింటి ప్రెషర్లూ ఒక్క తెరమీదికి తెచ్చుకోవచ్చు.
నేర్చుకున్నాను, టీ గ్లాసుకీ అలారానికీ మధ్య.

నా మొదటి ప్రోగ్రాం మరీ బుద్ధిమంతురాలు.
ఒకటో మిషన్ని అడుగుతుంది,
జవాబొచ్చేదాకా దాని ముందే
రెప్పవేయకుండా నిలబడుతుంది.
తర్వాత రెండోది. తర్వాత మూడోది.
ఆరోది గొంతు చించుకుంటున్నా
వరస తప్పదు.

ఇళవరసన్ నవ్వి, టైమ్ స్లీప్ కొట్టేసి
అక్కడ అవెయిట్ రాశాడు,
పైన డెఫ్ ముందు అసింక్ తగిలించాడు.
రెండూ ఆగడమే కదా, అన్నాను.
కాదక్కా, అది తను ఆగి అందర్నీ ఆపుతుంది,
ఇది తనొక్కతే ఆగుతుంది.

ఆగడం. ఆపడం.
ఒక్క అక్షరం తేడా.
దానికే పదకొండేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను,
పేరు తెలీకుండా.

సుగన్‌చంద్ గారికి సూది పెట్టి వదిలేస్తాను,
ఆయన రక్తం తన దారిన తను తిరుగుతుంటుంది.
ఈలోపు రుక్మాంగదన్‌కి బీపీ,
ఒకటో కుర్చీకి దుప్పటి,
నాలుగో మిషన్ గొట్టంలో బుడగ.
చేతులు రెండే,
అయినా ఎవరికి వాళ్ళకి నేను తమ దగ్గరే ఉన్నట్టుంటుంది.
ఇందులో మాయేం లేదు:
వేరేవాళ్ళ ఎదురుచూపుని
నేను చేత్తో పట్టుకు కూర్చోను.

ఒక్కోసారి మాత్రం
సూది తీశాక రక్తం కట్టదు.
గుడ్డ పెట్టి, బొటనవేలితో నొక్కి, పది నిమిషాలు.
ఆ పది నిమిషాలూ ఎవరు పిలిచినా నేను లేను.
నాలుగో మిషన్ మోగుతూనే ఉంటుంది.
అక్కడ అవెయిట్ రాయడానికి చోటేదీ, అని అడిగితే
ఇళవరసన్ కాసేపు స్క్రూడ్రైవర్ వైపు చూశాడు.

కొరూటీన్ అంటే ఏంటో
అతని బొమ్మల్లో నాకు అర్థం కాలేదు.
మస్తానమ్మ చెప్పింది.
కాసిమేడులో చేపలమ్ముతుంది,
మంగళ, గురు, శని, మూడో కుర్చీ.
కొరుక్కుపేటలో ఒక మేక లోకల్ ట్రైనెక్కిన కథ
మూడు నెలలుగా చెబుతోంది.
నాలుగు గంటలు నిండగానే, మాట మధ్యలోనైనా సరే,
ఆపేసి చెప్పులేసుకుని పోతుంది.
రెండు రోజుల తర్వాత, ప్లాస్టర్ ఇంకా అంటించక ముందే,
"తోక మాత్రం తలుపు బయటే ఉందమ్మా" అంటుంది.
ఎక్కడిదాకా చెప్పానని అడగదు.
మేక రంగు, ఆ రోజు ఎండ,
టీసీ జేబులో వేరుశెనక్కాయలు,
అన్నీ పెట్టినవి పెట్టినచోటే ఉంటాయి.
మామూలు ఫంక్షనైతే
మేకని మళ్ళీ ప్లాట్‌ఫారం మీద నించి తోలుకొచ్చేది.

పోయిన శనివారం మస్తానమ్మ రాలేదు.
గురువారం టీసీ మేక మెడ మీద చెయ్యేసి
"టికెట్టూ" అన్నాడు.
కథ అక్కడుంది.
మంగళవారమూ రాలేదు.
ఫోను మోగి మోగి ఊరుకుంది.
మూడో కుర్చీ కొత్తాయనకిచ్చారు,
ఆయన సెల్లులో క్రికెట్ చూసుకుంటాడు.

ఆ రాత్రి నా తెర మీద ఒక హెచ్చరిక:
ఈ కొరూటీన్‌ని పిలిచావు, దీనికోసం ఎదురుచూడలేదు.
ఏదో లైన్లో అవెయిట్ మర్చిపోయాను, అంతే.
పెట్టాను. హెచ్చరిక పోయింది.
కాసేపు కీబోర్డు మీంచి చెయ్యి తీయలేకపోయాను.

తెల్లారగట్ల మొదటి లోకల్
బేసిన్ బ్రిడ్జి వైపు పోతుంటుంది.
కిటికీలోంచి చూస్తాను,
ఒక్కో పెట్టెకీ తలుపు దగ్గర.

ఆరో మిషన్ పిలుస్తుంది.
వస్తున్నా.