దీపాల గది

మా దేశానికి సముద్రం లేదు.
అందుకే డబ్బాల్లో కొనుక్కుంటాను,
ఇరవై కిలోల ఉప్పు,
అద్దె కట్టే తేదీకి రెండు రోజులు ముందో వెనకో.
ఓస్త్రవాలో, నాలుగో అంతస్తులో,
ట్రామ్ మలుపు తిరిగినప్పుడల్లా గ్లాసులు వణికే వంటింట్లో
వడకట్టిన నీళ్ళలో ఆ ఉప్పు పోసి
రాత్రంతా తిప్పుతాను.
తెల్లారేసరికి తేరుకుంటుంది.
వెయ్యికి ముప్పై అయిదు పాళ్ళు. అటూ ఇటూ కాకూడదు.
కాబేజీ చారులో ఉప్పెక్కువైతే తినేవాడు మొహం చిట్లిస్తాడు.
పగడం ఏమీ అనదు. ముడుచుకుంటుంది.

గనిలో నా ఉద్యోగం దీపాల గదిలో.
దిగేవాళ్ళకి ఇవ్వడం, పైకొచ్చినవాళ్ళ దగ్గర తీసుకోవడం,
కొక్కేలకి తగిలించి లెక్కపెట్టడం.
ఇరవై ఆరేళ్ళు.
గని మూసేశారు. లెక్కపెట్టే అలవాటు మూతపడలేదు.

పొద్దున్నే తొట్టిమీద నీలం దీపం వెలగగానే
కుర్చీ లాక్కుని కూర్చుంటాను.
సుత్తి పగడం విచ్చింది.
బొత్తాల పగడాలు, పదకొండు నోళ్ళూ తెరిచే ఉన్నాయి.
తోలు పగడం పొర విడుస్తోంది,
అలిగిన మనిషిలా; నాలుగు రోజులు పలకరించకూడదు.
కొమ్మల పగడం...
ఉండండి, దాని సంగతి చెప్తాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం
పరీక్ష గొట్టంలో చుక్కలు వేస్తుంటే
ఆరో చుక్కకే నీలం పసుపైపోయింది.
ఎనిమిది పట్టాలి.
కంగారుపడ్డాను.
మూడు రోజులకి పంచి పోయాల్సిన సోడా
ఒక్క పూటలో పోసేశాను,
పస్తున్నవాడి ముందు గుండిగెడు అన్నం కుమ్మరించినట్టు.
మర్నాటికి కొమ్మల చివళ్ళు
కాలిన అగ్గిపుల్లలు. కాకపోతే తెల్లగా.

ఇక్కడ చావు తెల్లగా వస్తుంది.
మా గనిలో నల్లగా వచ్చేది.
నాలుగు వందల పదిహేడో నంబరు కొక్కెం
ఒక సాయంత్రం ఖాళీగా ఉండిపోయింది.
వారం తర్వాత దానికి కొత్త దీపం తగిలించమన్నారు.
తగిలించాను.
అంతకుమించి చెప్పను.

కింది వాటాలో క్వేతోస్లావ్ ఉంటాడు.
ఒకప్పుడు నా గొట్టం ఊడి అతని సీలింగు తడిసింది,
అప్పట్నించి రెండేళ్ళు మాటల్లేవు.
మొన్న కరెంటు పోయిన రాత్రి తలుపు కొట్టాడు,
చేతుల్లో కారు బ్యాటరీ, కాళ్ళకి ఒక చెప్పే.
"పైన మోటారు చప్పుడు ఆగిపోయింది,
నిద్ర పట్టడం లేదు" అన్నాడు.
ఇద్దరం తొట్టికి దుప్పట్లు చుట్టాం,
బుడగల పంపు తగిలించాం.
అది గురగురలాడటం మొదలుపెట్టగానే
గోడకి ఆనుకుని, నిలబడే, నిద్రపోయాడు.

ఇవాళ తెల్లబడ్డ కొమ్మని తీసి పారేద్దామని
పట్టకారు ముంచాను.
అడుగున, నీడ వైపు,
గోరంత గోధుమరంగు మిగిలి ఉంది.
నిజంగా రంగో, నా కళ్ళజోడు మీది మరకో
తుడుచుకుని మళ్ళీ చూశాను.
చేయి వెనక్కి తీసుకున్నాను.

ఈసారి సోడా చుక్కచుక్కగానే.
పుస్తకంలో తేదీ వేసి రాశాను:
కొమ్మల పగడం,
ఇంకా పైకి రాలేదు.