పాయన

మొదట కొన్నది పొరపాటు యంత్రం.
బోడో నుంచి పడవలో వచ్చింది, పెట్టె మీద పులి బొమ్మ.
మీట నొక్కితే ఒకటే వేగం.
మెల్లగా అనే మాట దానికెవరూ నేర్పలేదు.
బెల్టు ఒక పక్కకే జరిగి, జరిగి
చక్రం అంచు దాటి
నా మోచేతిని చరిచి వలల గుట్ట మీద పడింది.

ఆ రోజే పాడుచేశాను సీవెర్ట్ కత్తిని.
నలభై ఫిబ్రవరులు కాడ్ చేపల కడుపులు తెరిచిన కత్తి.
బిర్చ్ పిడి మీద అతని బొటనవేలి గుంట.
మొన దగ్గర రెండంకెలు లెక్కపెట్టేంత సేపు
ఎక్కువ ఆగాను.
ముందు ఎండుగడ్డి రంగు
తర్వాత ఊదా
తర్వాత నీలం.
నీలం వస్తే పాయన పోయినట్టే.
కడుపు కాలిన ఉక్కు ఇక కత్తి కాదు, రేకు.

సీవెర్ట్ తిట్టలేదు.
చలికి పగిలిన పెదవులతో దాని మీద ఊదాడు,
వేడి పులుసు చల్లార్చినట్టు.
"పాపం, దాని తప్పేముంది" అన్నాడు.
దేన్ని అన్నాడో చెప్పలేదు.

రెండోది కొనేముందు కొట్టువాణ్ణి సతాయించాను.
వేగం తగ్గించే మర ఉందా?
బెల్టును నడిమికి తెచ్చే మరను
కొయ్యబారిన వేళ్ళతో తిప్పగలనా?
వెనక పలక తీసేస్తే
బెల్టు వదులుగా ఊగే జానెడు చోటుందా?
అతను ఎన్ని గుర్రాల బలమో చెప్పబోయాడు.
నాకు గుర్రం వద్దు నాయనా,
చెప్పినమాట వినే గాడిద కావాలన్నాను.

ఇప్పుడు ఐలిఫ్‌కి నేర్పుతున్నాను. పన్నెండేళ్ళవాడు.
బడి వదలగానే రోస్ట్ రేవు షెడ్డులో
కాడ్ తలల్ని మేకుకు గుచ్చి
నాలుకలు కోసి కిలోల లెక్కన అమ్ముకుంటాడు.
సైకిలు కోసమంటాడు.
వాళ్ళమ్మ కాళ్ళకి కొత్త బూట్లు చూసి
నేనేమీ అనను.

చేతి తొడుగులు తీసెయ్,
బెల్టుకు ఉన్నంటే ఇష్టం, లోపల వేలున్నా సరే.
కళ్ళద్దాలు పెట్టు. నేల ఊడిచావా?
మొన్న రంపపుపొట్టులో పడిన రవ్వ
రాత్రి పదింటిదాకా మూల కూచుని పొగ తాగింది.
బెల్టు కిందికి పారుతోంది చూడు,
వాదర కూడా కిందికే ఉండాలి.
ఏటికి ఎదురీదే ధైర్యం ఇక్కడ పనికిరాదు.
పిడి దగ్గర మొదలుపెట్టి మొనదాకా ఒకే ఊపిరి.
మొన బెల్టు సగానికి రాగానే ఎత్తెయ్,
దాటితే అరిగిన సబ్బులా గుండ్రమవుతుంది.
లాగిన ప్రతిసారీ బకెట్లో ముంచు.
వేలు ఉక్కుకు ఆనించే ఉంచు:
నీకు వెచ్చబడిందంటే దానికి అప్పటికే జ్వరం.

గరుకు బెల్టు గాట్లు పడిన కత్తికే.
రోజూ పెట్టావో, ఏడాదికి పిడే మిగులుతుంది.
ఇప్పుడు అవతలి వైపు తడుము,
అంచు వెంట కాదు, అడ్డంగా.
తగిలిందా, ఇనప వెంట్రుక?
అది లేచేదాకా ఇటు, లేచాక అటు.
చివరికి తోలు బెల్టు, పచ్చ మైనం,
వేగం సగంలో సగం.

సగం వింటాడు.
మిగతా సగం కిటికీలోంచి
తిరిగొచ్చే పడవల దీపాలు లెక్కపెడుతుంటుంది.

ఈ రోజు వాడి చేతికిచ్చింది సీవెర్ట్ కత్తే.
నీలం ఉన్నంత మేర నేనే కోసేశాను,
ముంచుతూ, ఆగుతూ, ఒక ఆదివారమంతా.
రెండంగుళాలు పోయాయి.
ఇక కడుపులు తెరవడానికి చాలదు.
నాలుకలకైతే సరిపోతుంది.

నీళ్ళలో ముంచాడు. చుయ్‌మనలేదు.
మంచిది, వేడెక్కలేదన్నమాట.
తుడిచి, తిప్పి చూసి
"ఇదెవరిది?" అన్నాడు.
పిడి మీది గుంటలో వాడి బొటనవేలు
నిలవక అటూ ఇటూ జారుతోంది.

"బెల్టు మార్చు," అన్నాను,
"తోలుది ఎక్కించు."