పన్నెండు పేర్ల బోర్డు

ఇన్నేండ్లు నాలుగు పేర్లే రాసిన.
వరంగల్‌ది ఒకటి, నిజామాబాద్‌ది ఒకటి, కరీంనగర్‌ది ఒకటి,
నాలుగోది మనది.
హైదరాబాదు మొత్తానికి ఒక్కటే కాలేజీ.
ఆ ఒక్కటి ఏదో తేల్చనీకి
డిసెంబర్ల బ్రిడ్జి మ్యాచ్.

మూసీకి ఇవతల గెలిచినోళ్లు, అవతల గెలిచినోళ్లు,
నడుమ తొంబై నిమిషాలు.
ఓడినోళ్లు గోల్‌పోస్టు కాడ కూలబడి
బూట్ల లేసులు విప్పకుండ ఏడ్చేటోళ్లు.
విప్పితే సీజన్ అయిపోయినట్టే కద.

శాలిబండ కాలేజీ గోల్‌కీపర్ ముజ్తబా
పెనాల్టీ చేతులకెళ్లి జారిన సాయంత్రం
నయాపూల్ మీద నడుసుకుంట ఇంటికి పోయిండు.
బస్సెక్కలె.
కండక్టర్ తెలిసినోడంట.
ఇరవై రెండేండ్లయింది,
ఇప్పటికీ చాదర్‌ఘాట్ చుట్టూ తిరిగి పోతడు గాని
ఆ బ్రిడ్జి తొక్కడు.

ఈసారి అసోసియేషన్ కాగితం వచ్చింది: పన్నెండు.
గెలిచినోళ్లు వస్తరు, ఓడినోళ్లు వస్తరు,
మూడో నంబరోళ్లు గూడ
గోల్స్ తీసివేతలు, కూడికలు చేసుకొని వస్తరు.
మొదటి నలుగురికి ఒక రౌండు సెలవు.
సెక్రెటరీ విఠోబా సారు నవ్వి
"ఇంకో డబ్బా తెల్లరంగు తెచ్చుకో ఇన్నయ్యా" అన్నడు.

డబ్బా తెస్త. బోర్డు యాడికెళ్లి పెరుగుతది సారూ?
అదే ఆరడుగులు, అదే నాలుగడుగులు.
బొల్లారంల సున్నా
ఇదివరకు ఫుట్‌బాల్ అంత పెట్టేటోణ్ణి,
ఇప్పుడు శనగ్గింజంత.

జోన్లు గూడ విప్పి మళ్ల కుట్టిండ్రు.
ఘట్‌కేసర్ ఇంజినీరింగ్ కాలేజీ దక్షిణం జోన్ల పడ్డది.
పొద్దు పొడిచే దిక్కున ఉన్నది
దక్షిణం ఎట్లయింది సారూ అంటే
"వాళ్లకు ఫ్లడ్‌లైట్లున్నయి" అన్నడు.
దిక్కులు కరెంటు మీద నడుస్తయని
యాభై ఏడేండ్లకు తెలిసింది నాకు.

మొన్న శనివారం బ్రిడ్జి మ్యాచ్ అయింది.
అయింది అంటే, ఆడిండ్రు.
బొల్లారం కెప్టెన్‌కు కాలు మంచిగనే ఉంది,
బెంచి మీద కూసోని బత్తాయి వొలుచుకుంటున్నడు.
"వచ్చే వారానికి దాచుకుంటున్నం అంకుల్."
రెండు గోల్స్ తిన్నంక
ఓడినోళ్లే ముందుగాల సెల్ఫీ దిగిండ్రు.
రెఫరీ హబీబ్ నా పక్కకొచ్చి, మొహం చిన్నగ చేసుకొని,
"ఇయ్యాల నన్ను ఒక్కడు గూడ తిట్టలే" అన్నడు.

చాయ్ దుకాణంల ముజ్తబాకు లెక్క చెప్పిన.
ఆ ఏడు పన్నెండే ఉంటే
మీరు అయిదో నంబర్ భాయ్, లోపలే ఉంటుంటిరి.
సాసర్ల చాయ్ పోసుకొని శానాసేపు ఊదిండు.
"బస్సెక్కేటోణ్ణి" అన్నడు.
ఇంకొంచెంసేపటికి
"ఎవనికి యాదుంటుండే నేను?" అన్నడు.

ఆఖరి పేరు పొద్దుగాల రాసిన, పన్నెండోది.
శంకర్‌పల్లి డిగ్రీ కాలేజీ.
పదకొండేండ్ల సంది లీగ్ ఆడుతున్నరు,
ఈ బోర్డు మీద వాళ్ల పేరు రాసుడు ఇదే మొదలు.
"శ" కింద "ర" రాసి, తుడిచి, మళ్ల రాసిన.
అలవాటు లేని చెయ్యి.

ఏడు గంటలకే దిగిండ్రు ఆటోలల్ల.
జెర్సీల వెనక నంబర్లు సూదితో కుట్టినయి,
తొమ్మిది జర వొంకర.
పీడీ మేడం సత్యవేణి పిలుస్తనే ఉంది,
ఒక పిలగాడు మాత్రం బోర్డు ముంగట ఆగిండు.
తడి ఆరలేదు బిడ్డా అనేలోపు
కాలేజీ పేరు మీద వేలు పెట్టిండు.
"పల్లి" కొమ్ము చెదిరి కిందికి కారింది.
నేను దిద్దలె.

వాడే గోల్‌కీపరంట.
వేలికంటిన రంగు తుడుసుకోకుండనే
గ్లవ్ తొడుక్కున్నడు.
ముజ్తబా చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి,
పైసలియ్యకుండనే,
ఆ గోల్‌పోస్టు ఎనకకు పోయి నిలబడ్డడు.