రిమార్కుల గడి

ఆ ఏడు ఒంగోలు ఆసుపత్రిలో
నా చేతికిచ్చిన రిజిస్టరుకి ఎర్ర అట్ట.
స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టుకున్నాను:
పేరు, ఊరు, ఏ మందు, గొట్టం వేసి చూసిన తేదీ,
పుండు కొలత మిల్లీమీటర్లలో,
చివర్న, ఎప్పుడూ ఖాళీగా ఉండే రిమార్కుల గడి.

చిన్నపేగు మొదట్లో పుండు.
సగంమందికి పడుకోబోయే ముందు రానిటిడిన్ మాత్ర,
సగంమందికి పొద్దున్నే పరగడుపున ఒమెప్రజోల్ క్యాప్సూల్.
ఎవరికేదో నేనే చీటీ తీసేదాన్ని.
ఆరు వారాలకి ఏది ఎక్కువమందికి మాన్పితే అది గెలిచినట్టు.
కోడిపందెం కాదమ్మా ఇది, అనేవారు డాక్టరుగారు,
అంటూనే వారం వారం వచ్చి లెక్క చూసుకునేవారు.

కొండపి బస్సులోంచి దిగారు ఇద్దరు,
మాల్యాద్రి, మస్తాన్‌వలి.
ఒకే పొగాకు బ్యారన్ కాడ చెరో సగం రాత్రి కాపలా.
వేడి ఒక గీత ఎక్కితే ఆకు మాడుద్ది,
ఒక గీత దిగితే పచ్చిగా మిగులుద్ది,
ఒకడు పడుకుంటే ఒకడు
థర్మామీటరు వంక చూస్తా కూర్చోవాల.
సరిగ్గా రెండింటికి, మనిషి మారే వేళకి,
ఇద్దరి కడుపులోనూ రాజుకునేది.
అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని మింగితే సల్లబడేది,
తెల్లారేలోపు మళ్ళీ మొదలు.

చీటీలో మాల్యాద్రికి మాత్ర పడింది.
వలికి క్యాప్సూల్.

రెండో వారం వలి నవ్వుతా వచ్చాడు,
కొరమేను పులుసు తిన్నానని చెప్పి తిట్లు కూడా తిన్నాడు.
మాల్యాద్రి బెంచీ మీద వంగి కూర్చున్నాడు
మడిచిన కండువా బొడ్డుపైన అదుముకుని.
ఒకరికి నెమ్మది, ఒకరికి లేదు, అని రాసుకున్నాను.
నిజం చెప్పొద్దూ,
లెక్క బాగా కుదురుతోందని లోపల సంతోషించాను.

నాలుగో వారానికి గీతలు కలిసిపోయాయి.
ఇద్దరికీ కొంచెం నెమ్మది, ఇద్దరికీ కొంచెం నొప్పి.
ఆరో వారం గొట్టం వేస్తే
ఇద్దరి పుండూ పెసరగింజంత.
డాక్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు.

వాడేసిన రేకులు లెక్కపెడుతుంటే బయటపడింది.
వలి సంచిలో మాల్యాద్రి మాత్రలవి సగం,
మాల్యాద్రి జేబులో వలివి సగం.

ఏం చేశారయ్యా?

వలి తల గోక్కున్నాడు.
"పక్కనోడు రేత్రంతా మెలికలు తిరగతా ఉంటే
నాకెట్టా నిద్ర పడుద్ది మేడమ్?
ఒక రోజు నాది వాడికి, ఒక రోజు వాడిది నాకు.
బీడీ అయినా అంతేగా మాకు, సగం సగం."
బీడీ మాటకి డాక్టరుగారు విడిగా ఇంకోసారి కోప్పడ్డారు.

రెండు పేర్ల మీదా అడ్డగీత.
మిగిలినవాళ్ళ లెక్కలో క్యాప్సూలే గెలిచింది,
అందరూ అనుకున్నట్టే.
కాగితాలు హైదరాబాదు వెళ్ళాయన్నారు,
ఆ తర్వాత సంగతి నాకెవరూ చెప్పలేదు.
వాళ్ళిద్దరికీ చీటీ వేరే రాశారు, ఒకే మందు,
పంచుకోవాల్సిన పని లేకుండా.

"నియమం తప్పారు" అని రాయమన్నారు రిమార్కుల్లో.
రాశాను. గడిలో ఇంకా చోటు మిగిలింది.

బస్సు టైమైందని వెళ్ళినవాడు
తలుపు దగ్గరికి తిరిగొచ్చాడు వలి.
"పక్క బ్యారన్‌లో యానాదయ్యకీ ఇదే నొప్పి మేడమ్.
మా పాత మాత్రలు నాలుగున్నాయి, ఇయ్యొచ్చునా?"

ఇవ్వకూడదని గట్టిగా చెప్పాను.
అతను వెళ్ళాక
మిగిలిన ఆ కాస్త చోటులో పెన్సిలుతో సన్నగా
యానాదయ్య, పక్క బ్యారన్, కొండపి
అని రాసి పెట్టుకున్నాను.