ముప్పై ఏడో వారం, గుంతకల్లు

స్కానింగు తెర మీద డాక్టరమ్మ పెన్ను ఆగింది.
"తల ఇంకా పైనే."
అనంతపురం పోతే చేత్తో తిప్పి చూస్తారంట,
తిరిగితే సరి, లేకుంటే లేదు.
కాదంటే పద్నాలుగో తేదీ ఆపరేషను.
మూడోది నేనే అడిగినాను:
"ఎట్లుందో అట్లే కాన్పయితే?"
పెన్నుకు మూత పెట్టింది.
"దానికి చెయ్యి తిరిగినోళ్లు మా దగ్గర లేరమ్మా."

మా సుంకమ్మత్త ఎదురుకాళ్లతో పుట్టింది.
నడుం పట్టేసినోళ్లు ఇప్పటికీ
పొద్దున్నే వచ్చి వసారాలో బోర్లా పడుకుంటారు
ఆమె తన్ను కోసం.
"మంచిదేలేవే, నాకేమైంది?" అంటుంది నవ్వి.
వాళ్లమ్మ ఊసు మాత్రం
ఎప్పుడూ ఎత్తదు.

రాత్రి డ్యూటీ దిగొచ్చి మద్దిలేటి
కడుపుకు నోరు ఆనించి చెప్తున్నాడు:
"మా టేషన్లో ఇంజనిప్పి ఆ కొసకు తగిలిస్తే
ఎంత బండైనా ఎనక్కి తిరుగుతాది.
నీదెంత రా?"
నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.
డొక్క కింద తల,
సంగటి ముద్ద మాదిరి, గట్టిగా, వెచ్చగా.
అరచేత్తో కప్పినాను.

"శనివారం పోదాం. ఒక్కసారి తిప్పించుకుంటా.
తిరక్కుంటే పద్నాలుగే.
అత్తకు నువ్వే చెప్పు."

యార్డులో ఏదో బండి కూసింది.
లోపల, అడుగున, ఒక కాలు
ఈడ్చి తన్నింది.

నా నడుం నొప్పి మాత్రం
పోలేదు.