మూత మరిచిన నీళ్లు

మూసారాంబాగ్‌ల మా ఎనక గోడ దాటితే మూసీ.
పొద్దుగూకంగనే
అద్దెకు ఓనరొచ్చినట్టు దోమలొస్తయి.

ఎండు యాపాకు, ఎల్లిపాయ పొట్టు
మట్టిమూకుడుల రాజేస్తది సత్తెమ్మత్త.
పొగకు ముందు మేమే బయటవడ్తం,
దోమలు తర్వాత, నిమ్మలంగ.

పంక్చర్ దుకాణం అన్వర్ భాయ్
పాత టైర్లకు బొక్కలు కొట్టిండు, నీళ్లు నిలవకుండ.
"జిందగీల మొదటిసారి
నేనే పంక్చర్ చేస్తున్న" అని నవ్విండు.

పెరటి తొట్టిల నాలుగు గప్పి చేపలిడిసిన.
మా చిన్నది రోజూ వంగి లెక్కవెడ్తది.
నిన్న మూడే ఉన్నయట.
నాలుగోది పిల్లికే ఎరుక.

నడిరాత్రి చెవికాడ ఒక్క దోమ.
కొట్టబోయి ఆగిన:
ఏ మూత మరిచిన నీళ్లల్ల పుట్టిందో ఇది!
లేచి, టార్చి వట్టుకొని
మల్లెకుండీ కింది పళ్లెం ఒంపొచ్చిన.