ఈ మాట నాకొచ్చు, ఉండు

పూర్ణా మార్కెట్ వెనక ఓడసామాను కొట్లో
తాడుచుట్టల కింద దొరికిందా పెట్టె.
ఆరు డిస్కులు. పైన టోపీ పెట్టుకున్న ఒక మీసం,
కింద నాకు రాని అక్షరాలు.
కొట్టువాడే జాలిపడ్డాడు:
"పాటల్లేవు, ఫైటింగుల్లేవు, మాటే లేదు.
ఏటి సూస్తావు బాబూ?"
నలభై రూపాయలిచ్చాను.

ఇరవయ్యేళ్లుగా నా ఉద్యోగం రేవులో చేతులూపడం.
పైన క్రేను కేబిన్లో ఒక మనిషి,
కింద ఓడకడుపులో పదిమంది,
మధ్యలో నేను, నా రెండు చేతులు.
వేలు పైకి చూపిస్తే ఎత్తు. అరచెయ్యి బోర్లిస్తే మెల్లగా దించు.
పిడికిలంటే ఆపు. ఉన్నదున్నట్టు ఆపు.
అక్కడ అరిచినా ఎవరికీ వినపడదు.

అందుకే కాబోలు, మొదటి రాత్రే
ఆ తెలుపునలుపు మనుషులు కొత్తనిపించలేదు.
కాలవగట్టున బట్టలుతికే ఒకామె
పిండుతూ పిండుతూ భుజం ఆపింది.
అంతే.
వాడు పోయాడని నాకు తెలిసిపోయింది.

రాత్రయితే తెరంతా నీలం.
ఎవరో దీపం వెలిగిస్తే పనసతొన రంగు.
బొమ్మ నిండా గీతలు,
ఇంట్లో కూర్చున్నా తడుస్తున్నారు పాపం.

మధ్యమధ్య అట్టల మీద వచ్చే రాతల దగ్గరే చిక్కు.
సోల్జర్‌పేటలో మా మేడమీది ఓనరు కనకరత్నం గారిది యానాం.
ఒక మూడురంగుల జెండా దిగి
ఇంకో మూడురంగుల జెండా ఎక్కేదాకా
ఫ్రెంచి బడిలో చదివానంటారు.
అడగ్గానే జంతికల డబ్బాతో దిగొచ్చారు.

డిస్కులో ఎవరో పియానో వాయిస్తున్నారు.
"మూగవాళ్లకి బాకా ఎందుకండీ" అని
రిమోటు లాక్కుని దాని నోరు నొక్కేశారు.
ఇక ఖనిజం మోసే గూడ్సు,
పాతరేవులో ఏదో ఓడ కూత,
మా ఫ్యాను కిర్రు,
అవే వాయిద్యాలు.

ఆవిడ చదివే తీరే వేరు.
"రేపొస్తానంటున్నాడండి. రాడు."
"నన్ను నమ్మంటున్నాడు. వీడి మొహం."
ఒక్కోసారి అట్ట మీద ఐదు వరసలుంటే
"ఏడుస్తోంది" అని ఒకటే ముక్క.
ఏడవడం నాకూ కనిపిస్తూనే ఉంది.
మిగతా నాలుగు వరసలూ ఏమయ్యాయని అడగను.

పగలు ఎర్రదుమ్ములో చెయ్యెత్తినప్పుడు
పైనున్న గౌరేసుకి నేనెలా కనపడతానా అని ఆలోచన.
ఒకరోజు ఆ చెయ్యి కాస్త సొగసుగా ఊపాను.
భోజనాలప్పుడు దిగొచ్చి,
"ఏటైందిరా నీకు, నాటకాలా?" అన్నాడు.

ఐదో డిస్కులో కథ నడిమికి తెగిపోయింది.
నల్లతెర. చిన్న అక్షరాలు.
"ఇక్కడ కొంత దొరకలేదటండి."
"ఎవరికి?"
"ఎవరికీ."
జంతిక విరిగిన చప్పుడు.

నిన్న ఆరోది.
స్టేషను. పొగ. కదిలే రైలు వెంట
పరిగెడుతూ ఒకామె ఏదో అంది.
అట్ట వచ్చింది. ఒకే ఒక్క మాట.
కనకరత్నం గారు ముందుకి వంగారు.
"ఈ మాట నాకొచ్చు, ఉండు.
సాయంత్రం గంట కొట్టాక మా పంతులమ్మ అనేది.
ఉండు. ఉండు."
నన్నెప్పుడూ అండీ అనే మనిషి.
ఆ ఉండు నాతో కాదు.

నా చెయ్యి దానంతటదే లేచింది, పిడికిలి బిగిసి.
రిమోటు ఆవిడ ఒళ్లోనే ఉంది.
ఎప్పుడు నొక్కారో, అట్ట దాటిపోయాక ఆగింది బొమ్మ:
కిటికీకి జానెడు దూరంలో వేళ్లు,
సగం తెరిచిన నోరు.

డాల్ఫిన్ నోస్ మీది దీపం
మా గోడ తుడిచి వెళ్లింది, మళ్లీ వచ్చింది.
కనకరత్నం గారి పెదవులు కదులుతున్నాయి,
చప్పుడు లేదు.
నేనింకా పిడికిలి దించలేదు.